కంప్యూటర్‌కు రాని మూడు అక్షరాలు

రెండు వేల ఎనిమిది, ఆగస్టు పదహారు, శనివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. జెండా పండగ మర్నాడు. గోడ గడియారం నా బల్లకు ఎదురుగానే ఉండేది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషానికి రాయ్‌పూర్ భన్‌పురిలోని మా నేమ్‌ప్లేట్ల కార్ఖానా గుమ్మంలో పొడుగ్గా, సన్నగా ఉన్న ఒక విదేశీ మనిషి గొడుగు మడిచి నిలబడ్డాడు. నా ముందు ఇరవై నాలుగు ఇత్తడి పలకలు ఉన్నాయి. వాటిలో ఎర్ర రంగు నింపి, తుడిచి, మెరిపించి, వరసగా పేర్చింది నేనే. ఆ ఇరవై నాలుగింటి మీదా ఆ మనిషి దేశపు అక్షరం ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో కళాసీగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మగపిల్లల్ని బడికి పంపాడు, నన్ను పంపలేదు. ముప్పై మూడేళ్ళప్పుడు నేమ్‌ప్లేట్ల పనిలో చేరాను. మోటార్లకు, పంపులకు, మిల్లు యంత్రాలకు బిగించే ఇత్తడి పలకలుంటాయే, వాటిలో చెక్కిన అక్షరాలకు రంగు నింపడం నా పని. ఏడేళ్ళు అలా వేలకొద్దీ అక్షరాలకు రంగు వేసి ఒక్కటి కూడా చదవలేదు. చదవడం రాదు కాబట్టి. నలభయ్యో ఏట మా పక్క క్వార్టర్‌లో ఉండే రైల్వే ఆసుపత్రి నర్సమ్మ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక నన్ను కూర్చోబెట్టి తెలుగు దిద్దించింది. ఆ తర్వాత హిందీ నేనే పట్టుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చేత్తోనే. తప్పులుంటే సర్దుకోండి. చిన్నప్పుడే బడికి వెళ్ళినవాళ్ళూ తప్పులు రాస్తారు, నేను చూశాను.

ఆ కార్ఖానాలో మేం నలుగురం. యజమానిని సేఠ్ అనేవాళ్ళం. కంప్యూటర్ దగ్గర ఒక అమ్మాయి, మా రైల్వే తెలుగు కుటుంబాల పిల్లే, నన్ను పిన్నీ అని పిలిచేది. పలకను యాసిడ్ తొట్టిలో ముంచి తీసేది ఒక పెద్దాయన. ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి, ధర్సీవా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నేను ఆయన్ను కకా అనేదాన్ని, అంటే బాబాయి. ఆయన నన్ను నోనీ అనేవాడు, అంటే చిన్నపిల్ల. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతోంది. కకా ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఎందుకు లేవో అప్పటిదాకా నేను అడగలేదు. పని చోట్లలో అలాంటివి అడగరు.

పని ఇలా సాగేది. అమ్మాయి కంప్యూటర్‌లో రాత పేర్చి పల్చని బటర్ పేపర్ మీద నల్లగా ప్రింట్ తీస్తుంది. ఆ కాగితంలో సూదిమొన అంత తెల్లచుక్కలు మిగిలితే సున్నా నంబరు కుంచెతో నేను నల్లరంగు పెట్టి పూడుస్తాను. దాంతో జాలీ, అంటే చట్రానికి బిగించిన సన్నని గుడ్డ తెర, తయారవుతుంది. జాలీతో పలక మీద అచ్చు వేస్తే అక్షరాల చోటు తప్ప మిగతాదంతా యాసిడ్ తగలకుండా కప్పబడుతుంది. కకా ముంచుతాడు, యాసిడ్ అక్షరాన్ని తింటుంది, నేను ఆ గుంటలో రంగు నింపుతాను. ఇంతే. ఇందులో చదవడం అన్న పని ఎవరికీ లేదు. కాగితం ఏం చెబితే ఇత్తడి అదే చెబుతుంది.

ఆ ఏడు ఉర్లాలో నూనె తీసే యంత్రాలు చేసే ఒక ఫ్యాక్టరీకి ఇథియోపియా నుంచి ఆర్డర్ వచ్చింది. యంత్రం పైన గరాటులాంటి నోరు ఉంటుంది. గింజలు అందులో పోయాలి. లోపల పెద్ద మర తిరుగుతూ గింజను నలిపి నూనె పిండుతుంది. గింజలు అడ్డుపడితే జనం చెయ్యి పెట్టి తోస్తారు. మర గింజకూ చేతికీ తేడా చూడదు. అందుకని ఆ నోటి పక్కన బిగించడానికి హెచ్చరిక పలకలు వాళ్ళ భాషల్లో కావాలన్నారు. రాత ఈమెయిల్‌లో వచ్చింది. రెండు పంక్తులు.

అమ్మాయి ఫైలు తెరిచింది. తెర మీద వరసగా డబ్బాలు కనిపించాయి. చిన్న చిన్న ఖాళీ డబ్బాలు, మధ్యమధ్య సందు, మళ్ళీ డబ్బాలు. ఆ లిపిని మాలో ఎవరం ఎప్పుడూ చూసి ఎరగం. అమ్మాయి కాసేపు చూసి, వాళ్ళ రాత ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ప్రింట్ తీసింది. ప్రింట్ నా దగ్గరకు వచ్చింది.

నేను అడిగాను. అడగలేదని మీరు అనుకోకూడదు.

"పాపా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయేటే?"

"వాళ్ళ స్క్రిప్ట్ అంతే అనుకుంటా పిన్నీ. చైనా వాళ్ళదీ డబ్బాలు డబ్బాల్లాగే ఉంటది కదా."

"సైనా వాళ్ళ డబ్బాల్లో ఏదో ఒకటి ఉంటాది. ఇందులో ఏటీ లేదు."

సేఠ్ వెనకనుంచి విన్నాడు. ఆయనతో మా మాటలన్నీ హిందీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "వాహ్ బాయి. తెలుగు అయింది, హిందీ అయింది, ఇప్పుడు ఆఫ్రికా చదువు కూడా వచ్చేసిందా? నువ్వు రంగు వెయ్యి చాలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి తల దించుకున్నాను. అక్షరం ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. తమకు తెలియనిది మిగతా అందరికీ తెలిసే ఉంటుందనుకుంటారు. ఆ జబ్బుతోనే మూడు రోజులు ఇరవై నాలుగు పలకల డబ్బాల్లో ఎర్ర రంగు నింపాను. నా జన్మలో అంత తేలికైన పని చెయ్యలేదు. వంపు లేదు, కొమ్ము లేదు, నాలుగు గీతలు. ఒక్క అక్షరంతో కాపురం చేస్తున్నారు, ఎంత పొదుపరులో అని ఆ దేశం వాళ్ళను మెచ్చుకున్నాను కూడా.

గుమ్మంలో నిలబడిన మనిషి యంత్రాలు చూసి సంతకం పెట్టడానికి ఆ దేశం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్. యంత్రాలన్నీ చూశాడు, పలకలు మాత్రం మిగిలాయి. సాయంత్రం నాలుగుకు మా దగ్గర నుంచి పలకలు బయల్దేరితే ఆరింటికి ఉర్లాలో లారీ కదులుతుంది. సేఠ్ టీ తెప్పించాడు. ఇన్‌స్పెక్టర్ టీ ముట్టుకోకుండా పలక చేతిలోకి తీసుకున్నాడు.

చాలాసేపు చూశాడు. వేలితో ఒక డబ్బా చుట్టూ తడిమాడు. పలక తిరగేసి వెనక చూశాడు, మళ్ళీ ముందు చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. తర్వాత ఆయన గురించి ఎన్ని విన్నా, ఎన్ని చూసినా, నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. ఇరవై నాలుగు ఖాళీ డబ్బాల పలకల ముందు నవ్వకుండా ఉండడం చిన్న పని కాదు.

"ఇది చాలా బాగా చేశారు" అన్నాడు ఇంగ్లీషులో. అమ్మాయి హిందీలో చెప్పింది. "కానీ ఇందులో ఏమీ రాసి లేదు."

సేఠ్ ముఖం చూడాలి. అమ్మాయి కుర్చీలో కూలబడింది. ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కన కూర్చుని నిదానంగా వివరించాడు, ఆమె మాకు చెబుతూ వచ్చింది. ప్రపంచంలో ఉన్న ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇస్తూ వచ్చారట, దేశాల వాళ్ళంతా ఒప్పుకున్న నంబరు. ఈమెయిల్‌లో ప్రయాణం చేసేది ఆ నంబరే, అక్షరం బొమ్మ కాదు. ఇవతలి కంప్యూటర్ దగ్గర ఆ నంబరుకు బొమ్మ ఉంటే వేసి చూపిస్తుంది. లేకపోతే, ఇక్కడ ఏదో అక్షరం ఉంది, నాకు రాదు అని ఒక డబ్బా గీసి ఊరుకుంటుంది.

"అంటే కంప్యూటర్ కూడా నాలాగే యేలిముద్రేసినాదన్నమాట" అన్నాను తెలుగులో.

అమ్మాయికి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. ఆయనకు చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, అవును, సరిగ్గా అదే అన్నట్టు తలూపాడు. నాకు మాత్రం సిగ్గేసింది. కంప్యూటర్ తనకు రాదని ఇన్ని డబ్బాల్లో ఒప్పుకుంది. మేం నలుగురం ఒప్పుకోలేదు.

ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. వాళ్ళ అక్షరాల బొమ్మలు అందులో ఉన్నాయట. అమ్మాయి దాన్ని ఎక్కించి, ఫైలు మూసి మళ్ళీ తెరిచింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. డబ్బాలన్నీ ఒక్కసారి అక్షరాలైపోయాయి. కాళ్ళున్న అక్షరాలు. ఒకటి మూడు కాళ్ళ బల్లలా నిలబడింది. ఒకటి ఒక మోకాలు మడిచింది. ఒకదాని నడుముకు చిన్న మేకు కొట్టి ఉంది. అదే అక్షరం పక్కనే మళ్ళీ వచ్చి కాలి కింద చిన్న ముడి వేసుకుంది. మనకు గుణింతం ఉన్నట్టే వాళ్ళకూ ఉందని నాకు చూడగానే అర్థమైంది. గీజ్ లిపి అంటారట, చాలా పాతది. నేను మూడు రోజులు రంగు వేసిన డబ్బాల కింద ఇన్ని ఆకారాలు ముసుగేసుకుని కూర్చున్నాయన్నమాట.

అయితే అన్నీ మారలేదు. మొదటి పంక్తి పూర్తిగా విచ్చుకుంది. రెండో పంక్తిలో మూడు డబ్బాలు అలాగే ఉండిపోయాయి.

ఆయన ఆ మూడింటినీ చూసి నిట్టూర్చాడు. మొదటి పంక్తి వాళ్ళ దేశమంతా నడిచే అమ్హారిక్ భాష. రెండోది గురాగే, ఆయన తల్లి భాష. అదే లిపి, కాకపోతే ఆ నోళ్ళలో పలికే కొన్ని శబ్దాలకు అదనంగా కొన్ని అక్షరాలున్నాయి. వాటికి నంబర్లు ఈ మధ్యనే, మిగతావాటికన్నా ఐదారేళ్ళు ఆలస్యంగా ఇచ్చారట. నంబరు వచ్చింది, బొమ్మ ఇంకా అన్ని కంప్యూటర్లకూ చేరలేదు. తన దగ్గరున్న అక్షరాల మూట పాతది.

సేఠ్ గడియారం చూశాడు. పదకొండు దాటింది. "కాగితాల ప్రకారం అమ్హారిక్ ఉంటే సరిపోతుందా?"

"సరిపోతుంది" అన్నాడు ఆయన. అబద్ధం ఆడే మనిషి కాదు. "రెండో పంక్తి నేనే అడిగి వేయించాను. తీసేయొచ్చు."

"అయితే తీసెయ్ పాపా."

అప్పుడు యాసిడ్ తొట్టి దగ్గర నుంచి కకా మాట వినిపించింది. ఆయన పని మధ్యలో నోరు విప్పే మనిషి కాదు. "ఆ యంత్రంలో గింజలు పోసేదెవరో సాహెబ్‌ను అడుగు నోనీ."

అడిగించాం. పోసేది ఇన్‌స్పెక్టర్ తల్లి ఊరి చుట్టుపక్కల ఆడవాళ్ళట. చాలామందికి బడి లేదు. పెద్దయ్యాక రాత్రి తరగతుల్లో తమ భాషలోనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. ఆయన తల్లి కూడా అంతే, యాభయ్యో ఏట నేర్చుకుంది. అమ్హారిక్ మాట్లాడతారు, చదవడం అందరికీ రాదు.

కకా చేతులు కడుక్కుని వచ్చి మా మధ్య నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. "మోర్ దూ ఠన్ ఉంగరీ" అన్నాడు. నా రెండు వేళ్ళు అని. పాతికేళ్ళ కిందట ఒక ఇనుప మిల్లులో పోయాయి. ఆ యంత్రం మీదా ఒక పలక ఉండేదట, ఇంగ్లీషులో. "రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి మెరిపించేవాణ్ణి. దాని మీద ఏదో దేవుడి పేరు ఉందనుకునేవాణ్ణి. చెయ్యి పెట్టొద్దని రాసుందని వేళ్ళు పోయాక సూపర్‌వైజర్ చదివి చెప్పాడు. పలక ఉంది కదా, మా తప్పేం లేదన్నారు."

అమ్మాయి ఆ మాటలు ఇన్‌స్పెక్టర్‌కు ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూంటే మధ్యలో రెండుసార్లు ఆగింది.

నేనన్నాను, "మూడక్షరాలే కదా. కంప్యూటర్‌కి రాకపోతే నా చేతికి రాదా? రోజూ కాగితం మీద చుక్కలు పూడుస్తున్నాను. అమ్మాయిని కాగితం మీద ఆ మూడు చోట్లూ ఖాళీ ఉంచమనండి. ఆయన్ని రాసి చూపించమనండి. నేను గీస్తాను."

సేఠ్ నా వైపు చూశాడు. ఆ పాత వెటకారం ఆయన నోటి చివరిదాకా వచ్చి ఆగినట్టు కనిపించింది. "నాలుగింటికి అవుతుందా?"

"మీరు ఇలా అడుగుతూ కూర్చుంటే అవదు."

ఇన్‌స్పెక్టర్ బాల్‌పెన్‌తో మూడు అక్షరాలు పెద్దవిగా రాశాడు. మామూలు అక్షరానికే ఒక చిన్న అదనపు గుర్తు, అంతే తేడా. నేను మిగతా అక్షరాల లావు, ఎత్తు కొలుచుకుని కుంచె పట్టాను. అరగంటలో మూడూ గీసి గర్వంగా ఆయన ముందు పెట్టాను. ఆయన చూశాడు. పెదవి బిగించాడు. ఈసారి నిజంగానే నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏమంటున్నాడే?"

"అక్షరాలు కరెక్టే అంటున్నాడు పిన్నీ. కానీ నీ యాసలో ఉన్నాయంట."

చూస్తే నిజమే. నాకు తెలియకుండానే గీతలన్నీ గుండ్రంగా తిప్పేశాను. నర్సమ్మ దిద్దించిన చెయ్యి కదా, దానికి వంపు తిప్పందే తోచదు. వాళ్ళ అక్షరం అలా కాదు. నిలబడుతుంది. ఒక కాలు లావు, ఒక కాలు సన్నం, తల దగ్గర కోసినట్టు ఉంటుంది. బ్లేడుతో గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, గాలిలో చెయ్యి పైనుంచి కిందకు దించి చూపించేవాడు. మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అమ్మాయి మాటిమాటికీ పిన్నీ అనడం విని ఆయనా పిన్నీ అనడం మొదలుపెట్టాడు. రెండోసారి కూడా ఒకటి చెడింది. మూడోసారి ఆయన కాగితం మీదకు వంగి, ఆ పంక్తి మొత్తం పైకి చదివాడు. ఎక్కడా ఆగకుండా చదివాడు. మా అమ్మ చదివినట్టే ఉందని అమ్మాయితో అన్నాడు.

ఆ తర్వాతదంతా పరుగు. కొత్త ఇత్తడి రేకు ఆ రోజు దొరకదు, జెండా పండగ సెలవుల్లో దుకాణాలు సగం మూసి ఉన్నాయి. "తిరగేయండి" అన్నాడు సేఠ్. పాత పలకలనే వెనక్కి తిప్పి, కకా వెనకవైపు పాలిష్ పట్టాడు. వానాకాలం, జాలీ ఎంతకీ ఆరదు. సేఠ్ తన గదిలోని టేబుల్ ఫ్యాన్ తనే మోసుకొచ్చి పెట్టి, జాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ మనిషి నేల మీద కూర్చోవడం అదే మొదటిసారి చూశాను, అదే చివరిసారి కూడా. కకా ముంచాడు, తీశాడు, కడిగాడు. ఇరవై నాలుగు పలకల్లో ఎర్ర రంగు నింపడానికి నా ఒక్కదాని చేతులు చాలలేదు. అమ్మాయి కూర్చుంది, ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఆయన రంగు నింపడం నాకు నచ్చలేదు, బయటికి పూస్తున్నాడు. ఆ మాట చెప్పమన్నాను. అమ్మాయి చెప్పనంది. నేనే ఆయన చేతిలోంచి పలక లాక్కుని తుడిచి, మళ్ళీ ఇచ్చి, ఇలా అని చూపించాను. బుద్ధిగా నేర్చుకున్నాడు.

రంగు నింపుతూ, ఏ గింజలు పోస్తారని అడిగాను. ఆయన జేబులో నమూనా పొట్లం ఉంది. విప్పితే నల్లగా, సన్నగా, మెరుస్తున్న గింజలు. వలిసెలు. మా అమ్మమ్మ ఊరి కొండల్లో పసుపుపచ్చగా పూసే వలిసెలు. ఇక్కడ కకా వాళ్ళు రామ్‌తిల్ అంటారు, ఆయన వాళ్ళ భాషలో ఇంకేదో అన్నాడు. ముగ్గురం మూడు పేర్లతో ఒకే గింజను గుర్తుపట్టాం.

నాలుగూ పదికి పలకలు బయల్దేరాయి. పది నిమిషాలు ఆలస్యం. ఆయన గుమ్మంలో గొడుగు విప్పి, మళ్ళీ మూసి, వెనక్కి వచ్చి కకా చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి. మళ్ళీ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

కొన్ని నెలల తర్వాత ఈమెయిల్‌లో ఒక ఫోటో వచ్చింది. ఆ నూనె యంత్రం, దాని నోటి పక్కన మా పలక, ముందు తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ. గింజల్ని చెక్క గరిటెతో తోస్తోంది. రెండో చెయ్యి యంత్రం అంచున ఆనించి ఉంది. అమ్మాయి తెర మీద పెద్దది చేసి చూపించింది. కకా దగ్గరకు వచ్చి, కళ్ళు చికిలించి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "పూరా హే" అని, తొట్టి దగ్గరకు వెళ్ళిపోయాడు. అన్నీ ఉన్నాయని.

నేను పని మానేసి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య ఆ అమ్మాయి ఆ రెండో పంక్తిని నా ఫోన్‌కు పంపింది. ఎక్కడా డబ్బా లేదు. మూడు అక్షరాలూ వాటి చోట్లలో నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎవరో ఎక్కడో కూర్చుని, కొండల్లో కొద్దిమంది ఆడవాళ్ళ నోట పలికే శబ్దాలకు కూడా నంబర్లు కావాలని పట్టుబట్టారు. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళకు నా దండం. పిల్లలూ, మీ ఫోన్‌లో ఎప్పుడైనా డబ్బా కనిపిస్తే విసుక్కోకండి. అక్కడ ఒక అక్షరం ఉంది. మీకు రాదు, అంతే. రాదని అడగండి. నాలాగా తల దించుకుని రంగు వేసుకుంటూ పోకండి.

పేర్లు రాయను. కొందరు ఒప్పుకోరు, ఒకాయన ఒప్పుకోవడానికి ఇప్పుడు లేడు. కానీ ఆ రోజు భన్‌పురిలో ఎవరెవరున్నారో చెప్పి ముగిస్తాను. నేల మీద గొంతుక్కూర్చున్న సేఠ్. నా మాటల్లో ఒక్కటి తప్ప అన్నీ మోసిన కంప్యూటర్ అమ్మాయి. ఎనిమిది వేళ్ళ కకా. గొడుగుతో వచ్చిన ఇన్‌స్పెక్టర్, ఆయన గొంతులో ఆయన తల్లి. పలకల వెనక ఇప్పటికీ యంత్రానికి ముఖం ఆనించుకుని ఉన్న ఖాళీ డబ్బాలు. నేను. ఇంకా, నాలాగే ఆలస్యంగా వచ్చిన మూడు అక్షరాలు.